కథ కంచికి వెళ్లింది, మరి హీరో ఎక్కడికి వెళ్లాడు?

కథ అయిపోగానే "కథ కంచికి, మనం ఇంటికి" అనడం మనకి అలవాటు. కథ ఎక్కడికి పోతుందో, విన్నవాళ్లు ఎక్కడికి పోవాలో అందులో ఉంది. ఇంతసేపూ అడవులు దాటి, రాక్షసులతో తలపడి, ప్రాణాల మీదకి తెచ్చుకున్న హీరో సంగతి మాత్రం లేదు.

1951లో వచ్చిన 'పాతాళభైరవి'నే తీసుకోండి. తోట రాముడు మాంత్రికుణ్ణి మట్టుపెట్టి రాకుమారిని దక్కించుకుంటాడు. శుభం. మనం లేచి వెళ్లిపోతాం. ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే మాత్రం డౌట్లు మొదలవుతాయి. తోటమాలి ఇంట్లో పెరిగిన కుర్రాడు రాజభవనంలో మరుసటి రోజు పొద్దున లేచి ఏం చేసి ఉంటాడు? చంపడానికి ఇంకో మాంత్రికుడు లేడు. సాధించాల్సింది ఏమీ మిగల్లేదు. ఇంతకీ ఆ తోటకి నీళ్లెవరు పోస్తున్నారు?

ఈ వ్యాసంలో ఆ మరుసటి రోజు గురించే మాట్లాడుకుందాం. ఫాంటసీ రాసినవాళ్లలో ఈ ప్రశ్నని బాగా పట్టించుకున్నవాళ్లు ఇద్దరున్నారు: జె.ఆర్.ఆర్. టోల్కీన్, ఉర్సులా లె గ్విన్. ముఖ్యంగా వాళ్ల పుస్తకాలే చూద్దాం. ముగింపు చెప్పకుండా ముగింపుల గురించి రాయడం కుదరదు కాబట్టి స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెప్తున్నా.

కథలు అక్కడే ఎందుకు ఆగుతాయి?

సీఎస్‌ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే క్వెస్ట్ కథ ఒక వైల్ లూప్. ఉంగరం నాశనం అయ్యేదాకా, రాక్షసుడు చచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. కండిషన్ ఫాల్స్ అవగానే లూప్‌లోంచి బయటపడతాం. రచయితకీ అక్కడ ఆగడమే సుఖం. పాఠకుడి చేత పేజీలు తిప్పించింది ఒకే ఒక్క ప్రశ్న, దానికి జవాబు దొరికేసింది. ఇక ఏ బలంతో ఇంకో వంద పేజీలు చదివించాలి?

కానీ పాత కథలన్నీ అలా ఆగలేదు. జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో 'ది హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్' అనే పుస్తకంలో రకరకాల దేశాల పురాణ కథల్ని పక్కపక్కన పెట్టి, వీరుడి ప్రయాణాన్ని 17 మెట్లుగా విడదీశాడు. వాటిని మళ్లీ మూడు భాగాలు చేశాడు: బయల్దేరడం, పరీక్షలు దాటడం, తిరిగి రావడం. మూడో భాగానికే ఆరు మెట్లు ఉన్నాయి. ఆ ఆరింటిలో మొదటిది ఏంటో తెలుసా? వెనక్కి రానని హీరో మొరాయించడం. అంటే గెలవడం ఒక పని, గెలిచి ఇంటికి రావడం ఇంకో పని. మన సినిమాల్లో ఈ రెండో పనికి క్లైమాక్స్ తర్వాత ఐదు నిమిషాలు దొరికితే గొప్ప.

మనలో ఎక్కువమంది చదివిన హ్యారీ పాటర్‌ని చూడండి. 2007లో వచ్చిన చివరి పుస్తకంలో యుద్ధం అయిపోయాక కథ ఒక్క గెంతు గెంతి 19 ఏళ్ల తర్వాత రైల్వే ప్లాట్‌ఫామ్ మీద దిగుతుంది. హ్యారీకి పెళ్లయింది, పిల్లలు స్కూల్‌కి వెళ్తున్నారు, నుదుటి మీద మచ్చ ఇన్నేళ్లలో ఒక్కసారీ నొప్పి పెట్టలేదు. 19 ఏళ్లంటే నా వయసంత. ఆ మొదటి వారం, మొదటి నెల ఎలా గడిచాయో ఆ ఎపిలాగ్‌లో లేదు. అంతమంది స్నేహితుల్ని పోగొట్టుకున్న పదిహేడేళ్ల కుర్రాడు ఆ రాత్రుళ్లు నిద్రపోయాడా?

టోల్కీన్ దగ్గర గాయం ఇంత మర్యాదగా ఉండదు.

ఫ్రోడో: తారీఖు మర్చిపోని శరీరం

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చింది. కథ అందరికీ తెలిసిందే. షైర్ అనే ప్రశాంతమైన పల్లె సీమలో ఉండే ఫ్రోడో చేతికి లోకాన్ని బానిసగా చేసే ఉంగరం వస్తుంది. దాన్ని మోసుకెళ్లి మోర్డోర్‌లోని అగ్నిపర్వతంలో పడేయాలి. తోడు అతని తోటమాలి శామ్. అవును, ఇక్కడ కూడా తోటమాలే.

పుస్తకంలో మొత్తం 62 అధ్యాయాలు. ఉంగరం మంటల్లో పడేది 56వ అధ్యాయంలో. దాని తర్వాత ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి! మొదటిసారి చదివేవాళ్లకి "ఇంకా అవ్వలేదా?" అనిపిస్తుంది. నాకైతే ఈ ఆరు అధ్యాయాల వల్లే ఇది మామూలు సాహస కథల కంటే పెద్ద పుస్తకం అయిందనిపిస్తుంది.

ముందు ఒక విషయం గమనించాలి. చివరి క్షణంలో ఫ్రోడో ఉంగరాన్ని పడేయలేదు. అగ్నిలోయ అంచున నిలబడి అది తనదే అన్నాడు. గొల్లమ్ వచ్చి అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని, కాలు జారి లోపల పడ్డాడు. అలా పని పూర్తయింది. లోకం దృష్టిలో ఫ్రోడో రక్షకుడు. అక్కడ ఏం జరిగిందో ఫ్రోడోకి తెలుసు. 1963లో రాసిన ఒక లేఖలో టోల్కీన్ దీన్ని చర్చించాడు. ఆ ఒత్తిడిని ఎవరూ తట్టుకోలేరని, కాబట్టి ఇది నైతిక వైఫల్యం కాదని ఆయన వాదన. కానీ ఫ్రోడో తనని తాను అంత తేలిగ్గా వదిలిపెట్టలేకపోయాడు. అందరూ పొగుడుతున్న పని మనం నిజంగా చేయలేదని లోపల ఒక గొంతు అంటుంటే, ఆ పొగడ్త ఎలా ఉంటుందో ఊహించండి.

ఇంక శరీరం సంగతి. దారిలో ఫ్రోడోకి రెండు పెద్ద గాయాలు అయ్యాయి. అక్టోబర్ 6న మాయకత్తి పోటు, మార్చి 13న రాక్షస సాలీడు కాటు. ఇంటికొచ్చాక ఏటా సరిగ్గా ఆ తారీఖులకే అతనికి జబ్బు చేస్తుంది. ఒక మార్చి 13న తెలిసిన రైతు వచ్చి చూస్తే, ఫ్రోడో మంచం మీద పడి, మెడలో గొలుసుకున్న తెల్లరాయిని గట్టిగా పట్టుకుని, సగం కలలో ఉన్నాడు. పోయిన ఉంగరం కోసం కలవరిస్తున్నాడు. శామ్ అప్పుడు మొక్కలు నాటే పని మీద ఊళ్లో లేడు. అతను తిరిగొచ్చేసరికి ఫ్రోడో తేరుకున్నాడు, జరిగింది మాత్రం చెప్పలేదు.

ఈ చెప్పకపోవడమే నన్ను ఆపేసింది. మోర్డోర్ దాకా కలిసి నడిచినవాడికి కూడా "నాకు బాలేదు" అని చెప్పుకోలేకపోయాడు. సంతోషంగా ఉన్న స్నేహితుణ్ణి మళ్లీ అందులోకి ఎందుకు లాగడం అనుకున్నాడేమో.

టోల్కీన్‌కి ఇది ఎలా తెలుసు? ఆయన 1916లో సోమ్ యుద్ధంలో సిగ్నల్స్ ఆఫీసర్‌గా పనిచేశాడు. ట్రెంచ్ ఫీవర్ వచ్చి ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. 1918 నాటికి తన ఆప్తమిత్రుల్లో ఒక్కరు తప్ప అందరూ చనిపోయారని తర్వాత ముందుమాటలో రాసుకున్నాడు. తన కథని ఫలానా యుద్ధానికి ప్రతీకగా చదవొద్దని గట్టిగానే చెప్పాడు, ఆ మాట గౌరవిద్దాం. కానీ యుద్ధం నుంచి మనుషులు ఎలా ఇంటికొస్తారో ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు.

ఇల్లు కూడా అలాగే ఉండదు

సినిమా మాత్రమే చూసినవాళ్లకి తెలియని అధ్యాయం ఒకటుంది. పీటర్ జాక్సన్ 2003 సినిమాలో నలుగురు మిత్రులు తిరిగొచ్చేసరికి షైర్ పచ్చగా, ఎప్పట్లాగే ఉంటుంది. ఊళ్లో వాళ్లకి వీళ్లకంటే ఒక పెద్ద గుమ్మడికాయ మీద ఎక్కువ ఆసక్తి. ఆ సీన్ కూడా బాగుంటుంది, మారిపోయిన మనుషులు మారని ఊళ్లో కూర్చున్నారు.

పుస్తకంలో అలా కాదు. వీళ్లు లేని సమయంలో సారుమాన్ షైర్‌లో చేరి చెట్లు నరికించాడు, ఏరు పాడుచేశాడు, జనాన్ని భయపెట్టి పెట్టాడు. లోకాన్ని కాపాడొచ్చినవాళ్లు సొంత ఊరి కోసం మళ్లీ పోరాడాలి. ఆ పోరులో 19 మంది హాబిట్లు చనిపోతారు. ఫ్రోడో అందులో కత్తి దూయలేదు. లొంగిపోయినవాళ్లని చంపకుండా అడ్డుపడటమే అతను చేసిన పని. కొన్నాళ్లు డిప్యూటీ మేయర్‌గా ఉండి, ఆ పనీ వదిలేశాడు. యుద్ధంలో వెలిగిన మెర్రీ, పిప్పిన్‌లకి ఊళ్లో పేరొచ్చింది. ఫ్రోడోని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, శామ్‌కి అది బాధగా ఉండేది.

ఉంగరం పోయిన రెండున్నరేళ్లకి ఫ్రోడో ఓడ ఎక్కి పడమటి సముద్రం దాటి వెళ్లిపోతాడు. తను కాపాడిన ఊరు బాగానే ఉంది, అందులో ఉండటమే అతని వల్ల కాలేదు. అక్కడికి వెళ్తే గాయం మానుతుందేమో అన్న ఆశ ఒక్కటే మిగిలింది.

మరి శామ్ ఎలా బాగుపడ్డాడు?

ఇదే నాకు ఈ పుస్తకంలో అసలైన పాఠం. ఇద్దరూ ఒకే దారి నడిచారు. శామ్ కూడా కొద్దిసేపు ఉంగరం మోశాడు. ఒకడు ఊళ్లో ఉండలేకపోయాడు, ఇంకొకడు పెళ్లి చేసుకుని 13 మంది పిల్లల్ని కని, ఏడుసార్లు మేయర్‌గా ఎన్నికయ్యాడు. తేడా ఎక్కడుంది?

ఒక కారణం స్పష్టమే: బరువు ఎక్కువ మోసింది ఫ్రోడో. రెండోది కొంచెం లోపల ఉంది. శామ్‌కి క్వెస్ట్ కంటే ముందే ఒక పని ఉంది. మట్టి తవ్వడం, మొక్కలు నాటడం. తిరిగొచ్చేసరికి ఆ పని అతని కోసం ఎదురుచూస్తూ ఉంది, పైగా సారుమాన్ పుణ్యమా అని పదింతలు పెరిగింది. గలాడ్రియల్ ఇచ్చిన మట్టిని షైర్ అంతా తిరిగి, నరికిన చెట్ల చోట నాటిన మొక్కలకి కొంచెం కొంచెం వేశాడు. ఉంగరం నాశనమైన మార్చి 25 నాడే, రెండేళ్ల తర్వాత, అతనికి మొదటి కూతురు పుట్టింది. ఒకే క్యాలెండర్‌లో ఫ్రోడోకి మార్చి 13 ఉంటే, శామ్‌కి మార్చి 25 ఉంది.

ఫ్రోడో వెళ్లిపోయే ముందు తను రాసిన పుస్తకాన్ని శామ్‌కి ఇస్తాడు. చివర్లో కొన్ని పేజీలు ఖాళీగా వదిలాడు. అవి శామ్ నింపాలి.

టోల్కీన్ ఆ తర్వాతి కాలం గురించి ఇంకో కథ కూడా మొదలుపెట్టాడు. 'ది న్యూ షాడో' అని పేరు. సౌరాన్ పతనం తర్వాత వందేళ్లు దాటాక, శాంతి విసుగెత్తిన మనుషుల కథ. కొన్ని పేజీలు రాసి వదిలేశాడు. ఆ పేజీలు ఆయన పోయాక, 1996లో అచ్చయ్యాయి.

గెడ్: శక్తి పోయాక మిగిలేది ఎవరు?

లె గ్విన్ ప్రశ్న వేరు. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది. గెడ్ అనే మేకల కాపరి కుర్రాడు ఎర్త్‌సీ దీవుల్లోకెల్లా గొప్ప మాంత్రికుడు అవుతాడు. 1972లో వచ్చిన మూడో పుస్తకంలో, చావుకీ బతుకుకీ మధ్య తెరుచుకున్న ఒక ద్వారాన్ని మూయడానికి తన మంత్రశక్తి మొత్తం ఖర్చుపెట్టేస్తాడు. లోకం నిలబడింది, గెడ్ దగ్గర ఇంకేం మిగల్లేదు. చాలామంది రచయితలు అక్కడ వదిలేస్తారు.

లె గ్విన్ 18 ఏళ్ల తర్వాత, 1990లో, 'టెహాను' రాసింది. గెడ్ సొంత దీవికి వస్తాడు, సగం చచ్చినవాడిలా. అతన్ని పట్టాభిషేకానికి పిలవడానికి కొత్త రాజు మనుషులు వస్తే, వాళ్ల కంట పడకుండా పారిపోతాడు. సిగ్గు. ఒకప్పుడు డ్రాగన్లతో సమానంగా మాట్లాడినవాడు ఇప్పుడు దీపం కూడా మంత్రంతో వెలిగించలేడు. కొండమీదికి పోయి మేకలు కాస్తాడు. చిన్నప్పుడు చేసిన పనే.

కోపం రాలేదా అంటే నాకు మొదట వచ్చింది. ఇంత గొప్పవాణ్ణి ఇలా చేస్తారా అనిపించింది. కానీ ఆ పుస్తకంలో అతనికి తోడుగా టెనార్ ఉంది. రెండో పుస్తకంలో గెడ్‌తో కలిసి సాహసం చేసిన పూజారిణి. ఆమె ఎప్పుడో ఆ కీర్తిని వదిలి, ఒక రైతుని పెళ్లాడి, పిల్లల్ని పెంచి, భర్త పోయాక పొలం చూసుకుంటోంది. గెడ్ ఇప్పుడు వచ్చిన చోటికి ఆమె ఏళ్ల కిందటే వచ్చేసింది. అంట్లు తోమడం, పిల్లని సాకడం, మేకలు మేపడం హీరో చేయకూడని పనులు అని మనకి ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న అడగడానికే ఆమె ఆ పుస్తకం రాసిందనిపిస్తుంది. 2001లో వచ్చిన 'ది అదర్ విండ్'లో గెడ్ ముసలివాడు. శక్తి తిరిగి రాలేదు. కానీ కష్టంలో ఉన్న ఒక మనిషి సలహా కోసం వెతుక్కుంటూ అతని దగ్గరికే వస్తాడు.

మనవాళ్లు ఆగలేదు

పురాణాన్ని ఫాంటసీతో కలిపేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ ప్రశ్న దగ్గర భారతాన్ని తలుచుకోకుండా ఉండలేం. కురుక్షేత్రం 18 రోజులు. ఆ రాత్రి ఊచకోతతో సహా పదో పర్వం, సౌప్తికంతో చంపుకోవడం అయిపోతుంది. ఇంకా ఎనిమిది పర్వాలు మిగిలే ఉన్నాయి! వెంటనే వచ్చేది స్త్రీపర్వం, అంటే ఏడుపు. తర్వాత నాకీ రాజ్యం వద్దనే ధర్మరాజు. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన వీటన్నిటినీ 13వ శతాబ్దంలోనే మనకి ఇచ్చాడు. మన తెరమీద భారతమే ఎక్కువగా యుద్ధం దగ్గర ఆగిపోతుంది.

మౌసలపర్వంలో, యుద్ధం అయిన 36 ఏళ్లకి, అర్జునుడు ద్వారక స్త్రీలని వెంటబెట్టుకుని వస్తుంటే కర్రలు పట్టుకున్న దొంగలు మీద పడతారు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది. అస్త్రాలు గుర్తురావు. తరగని అంబులపొదిలో బాణాలు అయిపోతాయి. వ్యాసుడి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటే, వాటి పని అయిపోయింది, మీరు బయల్దేరే టైమ్ వచ్చింది అన్నట్టు చెప్తాడు. గెడ్‌కి జరిగిందీ ఇదే. తేడా ఏంటంటే అర్జునుడికి చివరి ప్రయాణం ఎదురుగా ఉంది, గెడ్‌కి ఇంకా బతకాల్సిన జీవితం ఉంది.

ఇదంతా మనకెందుకు?

మోర్డోర్‌కీ కోచింగ్‌కీ పోలికేంట్రా అని మీరు నవ్వచ్చు. నవ్వండి, కానీ వినండి. ఇంటర్ రెండేళ్లు మనలో చాలామందికి ఒకే వాక్యం వినిపించింది: "ఈ రెండేళ్లు కష్టపడితే చాలు, తర్వాత లైఫ్ సెట్." అంటే శుభం కార్డు. ర్యాంక్ వచ్చిన రోజు మా ఇంట్లో స్వీట్లు పంచారు. మూడో రోజు పొద్దున నేను మంచం మీద కూర్చుని ఫ్యాన్ వైపు చూస్తున్నా. చేయాల్సింది ఏమీ లేదు.

మా రూమ్‌మేట్ ఒకడు ఫస్ట్ సెమ్ అంతా నాలుగున్నరకే లేచి కూర్చునేవాడు. అలారం లేదు, చదవాల్సిందీ లేదు. ఇంటర్ హాస్టల్లో అది వాడి స్టడీ అవర్ టైమ్. "పడుకోరా" అంటే, "మెలకువ వచ్చేస్తోంది రా, లేచాక ఏం చెయ్యాలో తెలీట్లేదు" అన్నాడు. మంచి ర్యాంకు, కోరుకున్న బ్రాంచ్, అన్నీ ఉన్నాయి. వాడి మాట విన్నాకే నాకు ఫ్రోడో మార్చి 13 అర్థమైంది. మనసు గెలిచామని చెప్తున్నా శరీరం పాత టైమ్‌టేబుల్‌నే నడుపుతోంది.

ఇప్పుడు తర్వాతి లూప్ తయారుగా ఉంది. ప్లేస్‌మెంట్, ఆఫర్ లెటర్, మళ్లీ లైఫ్ సెట్. అది వద్దని నేను అనట్లేదు, నాకూ కావాలి. కానీ శామ్‌ని చూశాక ఒకటి అనిపిస్తోంది. క్వెస్ట్‌తో సంబంధం లేని పని ఒకటి ముందునుంచీ ఉంచుకోవాలి. ర్యాంక్ తెచ్చిపెట్టనిది, రెజ్యూమెలో రాయనిది, ఓడినా గెలిచినా మన కోసం అక్కడే ఉండేది. ఫ్రెండ్ నవ్వుతూ తిరుగుతున్నా "నిజంగా బానే ఉన్నావా?" అని ఒకసారి ఎక్కువ అడగాలి. ఫ్రోడో తనంతట తాను చెప్పడు.

చదివేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

ఇకమీద ఏ సాహస కథ చదివినా, రాసినా, ఈ నాలుగూ అడిగి చూడండి.

1. హీరో ఒంటి మీద, మనసులో మిగిలిన గాయం ఏంటి? అది ఏ రోజు నొప్పి పెడుతుంది?
2. అతను లేనప్పుడు ఇల్లు ఏమైంది? ఇంట్లోవాళ్లు అతన్ని ఎలా చూస్తున్నారు?
3. క్వెస్ట్‌లో పనికొచ్చిన నేర్పు మామూలు రోజుల్లో పనికొస్తుందా? రాకపోతే ఏం చేస్తాడు?
4. క్వెస్ట్‌కి ముందు అతనికి ఇష్టమైన పని ఏంటి? అది ఇంకా ఉందా?

వచ్చే సంచికకి ఒక ఎక్సర్‌సైజ్ కూడా. మీకు నచ్చిన హీరోని తీసుకోండి. శుభం కార్డు పడిన పదో రోజు పొద్దున అతను లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఒక పేజీలో రాయండి. ఫైట్ ఉండకూడదు, ఫ్లాష్‌బ్యాక్ ఉండకూడదు. తోట రాముణ్ణి మాత్రం నాకు వదిలేయండి. రాజభవనం కిటికీలోంచి చూస్తూ, పూలమొక్కలకి ఎవరో నీళ్లు తప్పుగా పోస్తున్నారని వాడికి అనిపించే దగ్గర మొదలుపెట్టాను.